వదలని పానా

నాచారం నుంచి మల్లాపూర్ వైపు పోయే రోడ్డు మీద, మూతపడిన అట్టపెట్టెల ఫ్యాక్టరీ గోడకు ఆనుకుని ఒక రేకుల షెడ్డు ఉంది. పొద్దున ఎనిమిది కాగానే చంద్రిక వచ్చి దాని షట్టర్ ఎత్తుతుంది. ముందు నేల ఊడుస్తుంది. అందరిలా నీళ్లు చల్లి కాదు, రంపపు పొట్టు చల్లి. ఆయిల్ మీద నీళ్లు పడితే కాలు జారుతుంది, పొట్టు పడితే ఆయిలే పోతుంది. ఆ తర్వాత గోడ మీది చెక్కకు వేలాడే పానాలను ఒక్కొక్కటిగా దించి, మెత్తటి నూలు చీర ముక్కతో తుడిచి, మళ్లీ వాటి చోట వాటిని తగిలిస్తుంది. ఆ చీరలు వాళ్ల అమ్మ కనకమహాలక్ష్మివి. "నా చీరలన్నీ నీ పానాలే కట్టుకుంటున్నాయి" అని ఆవిడ సణుగుతూనే నెలకొకటి చింపి ఇస్తుంది.

చెక్క మీద ప్రతి పానా వెనకా దాని ఆకారం పెయింటుతో గీసి ఉంటుంది. సాయంత్రం షట్టర్ దించే ముందు ఏ గీతైనా ఖాళీగా కనిపిస్తే, ఆ పానా ఎవరి బండి బానెట్ కిందో ఉండిపోయిందన్న మాట. ఈ పద్ధతి రాజయ్యది. షెడ్డూ రాజయ్యదే. నలభై ఏళ్లు బండ్ల కింద పడుకుని లేచిన మనిషి, మోకాళ్లు ఇక లేవమన్నాక నారపల్లిలో కూతురింటికి వెళ్లిపోయాడు. పోతూ పోతూ, తన దగ్గర మూడేళ్లు పని నేర్చుకున్న చంద్రికకు తాళాలూ గోడ మీది సామానూ అప్పగించాడు. ఆ సామానులోనే ఉంది పద్నాలుగు-పదిహేను సైజు రింగు పానా.

ఆ పానా సంగతి కాస్త చెప్పాలి. చూడటానికి దాని మొహాన ఏమీ లేదు. జానెడు పొడవు, రెండు చివర్లా రెండు రింగులు, పైపూత ఎప్పుడో పోయి నల్లబడ్డ ఉక్కు. పని సరిగ్గా అయితే మామూలు పానాలాగే ఉంటుంది. పని మిగిలిపోతే మాత్రం చేతిని వదలదు. విదిలించినా, సబ్బు నీళ్లలో ముంచినా, నలుగురు పట్టుకుని లాగినా రాదు. ఆ మిగిలిన పనేదో వెతికి పూర్తి చేస్తేనే వదులుతుంది.

నాచారంలో దీనికి ఎవరూ ఆశ్చర్యపడరు. పైపులో నీళ్లు పొద్దున్నే వస్తాయి, రాజయ్య పానా పని మిగిలితే వదలదు, అంతే. ఆయన తన మేనకోడలి పెళ్లికి పానాతోనే వెళ్లాడు. అక్షింతలు ఎడమచేత్తో వేయకూడదు కాబట్టి పానా ఉన్న కుడిచేత్తోనే వేశాడు. పెళ్లికొడుకు తల వంచి దీవెన అందుకుంటూనే "ఏ బండి మామా?" అని అడిగాడు. "హబ్సిగూడ డాక్టర్ సాబ్ కారు. గేర్‌బాక్స్ కాడ ఒక బోల్టు మరిచినట్టున్న" అని చెప్పి రాజయ్య భోజనానికి ఆగకుండా వెళ్లిపోయాడు. సిటీ బస్సులో కండక్టర్లు ఆయన చేతిని చూడగానే స్టాపు కాని చోట విజిల్ ఊది దింపేవాళ్లు. పని మీద పోయే మనిషిని ఆపకూడదని వాళ్లకూ తెలుసు.

చంద్రికకు ఇరవై తొమ్మిదేళ్లు. వాళ్లది తణుకు. నాన్న రామచంద్రరావు గారు ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా ముప్ఫై ఏళ్ల కిందట ఉప్పల్ వచ్చి, చిలకానగర్‌లో ఇల్లు కట్టుకుని, హెడ్ క్లర్కుగా రిటైరయ్యారు. ఆమె ఇంట్లో గోదావరి మాట, షెడ్డులో తెలంగాణ మాట మాట్లాడుతుంది. కోపం వస్తే రెండూ కలిసిపోతాయి. ఆటోమొబైల్ డిప్లొమా చేసి ఒక సర్వీస్ సెంటర్‌లో చేరితే, నాలుగేళ్లూ ఆమె చేత జాబ్ కార్డులు రాయించారు తప్ప బండిని ముట్టుకోనివ్వలేదు. మానేసి వచ్చి రాజయ్య షెడ్డు ముందు నిలబడి "పని నేర్పిస్తారా?" అని అడిగింది. ఆడపిల్లవు కదా అని ఆయన అనలేదు. "బూట్లున్నయా? చెప్పులతోని రాకు. జాకీ కాలు మీద పడితె ఆడా మొగా అని సూడదు" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆమె ఇప్పటికీ మనసులో ఆయనకు దణ్ణం పెట్టుకుంటుంది.

పనిముట్లు ఎంచడమూ ఆయనే నేర్పాడు. ఒకరోజు రాణిగంజ్ తీసుకెళ్లి, దుకాణాల్లో మెరిసిపోతున్న సెట్ల ముందు నిలబెట్టాడు.

"మెరుపు సూడకు బిడ్డా, నోరు సూడు. ఒక కొత్త బోల్టు జేబుల ఏసుకొని రావాలె. పానా దాని తలకు తొడిగి ఊపు. గలగలమంటె గాడనె పెట్టి రా, చుట్టాలింట్ల చెప్పులు ఇడిచినట్టు దుకాణంల పైసలు ఇడువకు."

"మరి ముందు ఏం కొనాలి?"

"ముందుగాల రింగు. తర్వాత బోల్టు తల మీద గిన్నె లెక్క కూసునే సాకెట్, అది గూడ ఆరు మూలలది. పన్నెండు మూలలది తుప్పు బట్టిన బోల్టు తలను కొరుక్కతింటది. గీ రెండు పట్టని కాడనె నోరు తెరిచిన పానా. ఇగ స్క్రూ తిప్పితె నోరు పెద్దగయ్యేది ఉంటది సూడు, అది దూరపు చుట్టమసోంటిది. పండుగకు పిలువు, పనికి పిలువకు."

రామచంద్రరావు గారికి ఈ విద్య తెలియదు. షెడ్డు చేతికొచ్చిన రోజున ఆయన కూతురికి ఆన్‌లైన్‌లో ఎర్రటి ప్లాస్టిక్ పెట్టె తెప్పించి, "నూట ఎనిమిది ముక్కలమ్మా! అష్టోత్తరమంత!" అని మురిసిపోయారు. మొదటి వారంలోనే అందులోని పద్నాలుగు సైజు సాకెట్ పెంకులా పగిలింది. తక్కినవాటిలో తొంభై ఆమెకు ఈ జన్మలో అక్కర్లేనివి. పనిముట్లు ఒక్కొక్కటిగా, పని అడిగినప్పుడు కొనుక్కోవాలి గాని పెట్టెల లెక్కన కాదని ఆయనకు ఎలా చెబుతుంది? "బాగుంది నాన్నా" అని దానికి బొట్టు పెట్టి దేవుడి పటం పక్కన పెట్టుకుంది. అష్టోత్తరం కదా, అక్కడే ఉండాలి మరి.

ఇంతమంది మంచివాళ్లున్నా షెడ్డుకు బండ్లు రావడం లేదు. రాజయ్య ఉన్నప్పుడు రోజుకు ఆరేడు వచ్చేవి. ఇప్పుడు రెండొస్తే పండగ. ఒకాయన కారు చక్రం మార్చి ఇస్తే, ఆమె చూస్తుండగానే ఎదురుగా ఉన్న టైర్ల షాపు ముందు ఆపి, "జర గట్టిగ టైట్ చెయ్ భయ్, ఆడపిల్ల బిగించింది" అన్నాడు. ఆమె దగ్గర టార్క్ రెంచ్ ఉంది. ఏ బోల్టును ఎంత బలంతో బిగించాలో ముందే దానిమీద అమర్చుకుంటే, ఆ బలం చేరగానే అది టక్కుమంటుంది, అక్కడ ఆపాలి. సర్వీస్ సెంటర్ జీతంతో ఇష్టపడి కొనుక్కున్నది. కస్టమర్లు దాన్ని చూసి నవ్వేవాళ్లు. "టక్ అనంగనె ఆపుతవేంది? ఇంకో పట్టు పట్టు!" వినీ వినీ ఆమె దాన్ని పెట్టెలోంచి తీయడం మానేసింది. బదులుగా మూరెడు ఇనప పైపు దగ్గర పెట్టుకుంది. పానా చివరకు పైపు తొడిగితే కాడ పొడవవుతుంది, బలం మూడింతలవుతుంది. తుప్పు పట్టిన బోల్టును విప్పడానికి రాజయ్య కూడా పైపు వాడేవాడు. బిగించడానికి మాత్రం ఎన్నడూ వాడలేదు. ఆయన బిగించిన నట్టును ఎవరూ అనుమానించలేదు మరి.

రామచంద్రరావు గారు చూసీ చూసీ ఒకరోజు నోరు విప్పారు. "దసరా దాకా చూద్దాం అమ్మా. అప్పటికీ ఇలాగే ఉంటే విజయవాడ వెళ్లిపో. లక్ష్మీకాంత్ అన్నయ్య ఆఫీసులో ఉద్యోగం ఉంచాడు, చల్లగా కూర్చోవచ్చు." లక్ష్మీకాంత్ ఆయన అన్నగారి కొడుకు. చంద్రిక సరేనంది. దసరా ఇంకా మూడు వారాలుంది.

అప్పుడు వచ్చాడు నరేందర్. ఉప్పల్‌లో నాలుగు స్కూలు వ్యాన్లు నడుపుతాడు, ఒకదాన్ని తనే తోలతాడు. అతనికో అలవాటుంది. ఏ మెకానిక్ పని చేసినా గొంతుక్కూర్చుని ప్రతి నట్టునూ తన చేత్తో పట్టి చూస్తాడు. ఒక్కటి కదిలినా ఆ మెకానిక్ గడప మళ్లీ తొక్కడు. అలా ఏడాదిలో ఐదుగురిని మార్చాడు. ఎందుకంత అనుమానమంటే చెప్పడు.

"రాజన్న నీ పేరు జెప్పిండు చెల్లె. ముందుగాల ఒక బండి సూడు. ముందటి బ్రేకులు. మంచిగుంటె నాలుగు బండ్లు నీ కాడనె. లేకుంటె ఏమనుకోవద్దు."

గురువారం పొద్దున పిల్లలను బడిలో దింపి, తొమ్మిదిన్నరకు వ్యాన్ షెడ్డులో పెట్టి వెళ్లాడు. మూడుంపావుకల్లా బండి మళ్లీ బడికి బయల్దేరాలి.

చంద్రికకు అంత సంతోషంగా పని చేసిన రోజు ఈ మధ్య లేదు. వెనక చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టింది. జాకీతో లేపి, జాకీని నమ్మకుండా కింద స్టాండ్లు పెట్టింది. రెండు ముందు చక్రాలూ విప్పింది. కుడి ఎడమ చక్రాల దగ్గర, బ్రేకు ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్‌కు కింద ఒక్కో పద్నాలుగు సైజు బోల్టు ఉంటుంది. వాటిని విప్పి, కాలిపర్ పైకెత్తి, అరిగిన ప్యాడ్లు తీసి, జారే చోట గ్రీజు రాసి, కొత్తవి కూర్చోబెట్టింది. మళ్లీ రాజయ్య పానాతో బోల్టు బిగించింది. ఎక్కడ ఆగాలో మణికట్టుకు తెలుసు. ఆగింది.

ఆగాక, నరేందర్ గొంతుక్కూర్చుని పట్టి చూడటం కళ్ల ముందు కనిపించింది. ఆడపిల్ల బిగించింది అన్న మాటా వినిపించింది. ఆమె పైపు తీసి పానాకు తొడిగి ఇంకో పట్టు పట్టింది. రెండో వైపూ అంతే.

చక్రాలు ఎక్కించి, నట్లను వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించి, జాకీ దించి, పెడల్ గట్టిపడే దాకా నాలుగైదు సార్లు తొక్కింది. పానాను చెక్కకు తగిలించబోతే అది రాలేదు.

"అయ్యో" అనుకుంది. కంగారేమీ పడలేదు. బండిని మళ్లీ లేపింది.

ఒంటిగంటకు రోజూలాగే రామచంద్రరావు గారు స్కూటర్ మీద క్యారియర్ తెచ్చారు. కూతురి చెయ్యి చూసి, "ఏ బండమ్మా?" అన్నారు.

"ఇదే నాన్నా. ఎక్కడ వదిలేశానో దొరకట్లేదు."

ఆయన చేతులు కడుక్కుని దోసకాయ పప్పు కలిపి, కూతురు చక్రం దగ్గర కూర్చుంటే పక్కన ముక్కాలి పీట వేసుకుని ముద్దలు పెట్టారు. ఆమె నోరు తెరిచి తింటూనే ఒక్కో బోల్టునూ తడిమింది. హెడ్ క్లర్కు గారి తెల్ల చొక్కా మీద గ్రీజు పడింది. ఆయన చూసుకోలేదు. తండ్రి చేతి ముద్ద తిని ఎన్నేళ్లయిందో చంద్రికకు గుర్తు రాలేదు. ఇంత మంచి మనిషికి కూతుర్నయ్యానని ఆ కంగారులోనూ ఆమెకు అనిపించింది.

లూజైన నట్టు ఒక్కటీ దొరకలేదు. రాజయ్యకు ఫోన్ చేసింది.

"లూజు ఏడనో ఉన్నట్టే బిడ్డా. గది నాకెన్నడు తప్పు జెప్పలె. పైకెల్లి కిందికి మల్లొకసారి సూడు. ఫికర్ జెయ్యకు."

రెండున్నరకు నరేందర్ వచ్చాడు. చక్రాలు రెండూ ఊడి ఉన్నాయి, మెకానిక్ చేతికి పానా అంటుకుని ఉంది. అతను మొహం ముడుచుకుని గొంతుక్కూర్చున్నాడు. గోడ మీది ఇంకో పానా తీసుకుని ఒక్కో బోల్టుకూ తగిలించి నొక్కి చూశాడు. ఏదీ వెంట్రుకవాసి కదల్లేదు. అతని మొహం విప్పారింది.

"అబ్బ! గింత గట్టిగ బిగించినోళ్లను నేనింతవరకు సూడలె చెల్లె. మస్తుంది. నాలుగు బండ్లు నీకే, మాట ఇస్తున్న. చక్రాలెక్కియ్, టైమైతుంది."

"పానా వదలట్లేదన్నా."

"వేరే బండిదేమో. నిన్న ఏం జేసినవ్?"

"స్కూటర్."

"గంతే, గా స్కూటర్‌దే" అన్నాడు నరేందర్. "అదే అయ్యుంటుందమ్మా" అన్నారు రామచంద్రరావు గారు కూడా. ఆయన కళ్లు మెరుస్తున్నాయి. కూతురు విజయవాడ పోనక్కర్లేదు. ఆఫీసు ఉద్యోగం మాట తెచ్చింది తనే అయినా, ఆ మాట అన్న రోజు నుంచి ఆయనకు సరిగ్గా నిద్ర లేదు.

చంద్రికకూ అలాగే నమ్మాలనిపించింది. నమ్మితే అయిపోతుంది. మనిషి మనసు ఇలాంటప్పుడు మహా తెలివిగా పని చేస్తుంది. నిన్నటి స్కూటర్‌లో ఏ బోల్టు మరిచిపోయి ఉంటానా అని అప్పుడే లెక్క కట్టడం మొదలుపెట్టింది కూడా. చక్రం ఎత్తబోతూ, ఆఖరుసారి అనుకుని కుడివైపు బోల్టుకు పానా పెట్టి, పైపు తొడిగి కొంచెం నొక్కింది.

బోల్టు తిరిగింది. బిగుసుకుంటూ తిరగలేదు, మెత్తగా తిరిగింది. అదే క్షణంలో పానా ఆమె వేళ్లను ఎముకలు నొప్పెట్టేలా పట్టేసింది.

అప్పుడు తెలిసింది. ఇనుము గట్టిగా నిలబడాల్సిన చోట మెత్తగా లొంగిందంటే అది బిగుస్తున్నట్టు కాదు, సాగుతున్నట్టు. పొద్దున పైపు వేసినప్పుడే సాగింది. లూజుందేమో అని తను మళ్లీ మళ్లీ నొక్కిన కొద్దీ ఇంకా సాగింది. లోపల దాని మెడ సన్నబడి ఉంటుంది. ఈవేళ కాకపోతే రేపు, ఏ సిగ్నల్ దగ్గరో బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు పుటుక్కుమంటుంది. పట్టి చూస్తే మాత్రం రాయిలా ఉంటుంది, ఎవరికీ తెలియదు. ఈ సంగతి ఇప్పుడు లోకంలో తనకూ, ఈ పానాకూ తప్ప ఇంకెవరికీ తెలియదు.

నరేందర్ తాళం కోసం చెయ్యి చాపాడు.

"బండి ఇయ్యనన్నా" అంది చంద్రిక.

"ఏంది?"

"లూజు లేదు. ఎక్కువ బిగించిన. ఆడపిల్ల బిగించిందని నువ్వు గూడ అంటవేమో అని పైపు ఏసి బిగించిన. బోల్టు సాగింది. ఇది తెగుతది. తప్పు నాదే." ఒక్క గుక్కలో అనేసి తండ్రి వైపు చూడలేకపోయింది. "పిల్లలకు వేరే బండి పంపియ్యి."

నరేందర్ చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత ఫోన్ తీసి తన డ్రైవర్‌తో, "మొగిలయ్యా, నా బండి ఇప్పుడు రాదు. నీ పిల్లల్ని దింపి మల్ల స్కూల్‌కు రా. నా బండి పిల్లల్ని గేటు లోపటనె కూసోమను, టీచర్‌కు జెప్పు" అన్నాడు. చంద్రిక వైపు చూడకుండా ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఒక పాత టైరు మీద కూర్చుని నేల వంక చూస్తూ ఉండిపోయాడు. పని పోయిందని ఆమెకు అర్థమైంది.

రామచంద్రరావు గారు లేచారు. "ఏం తేవాలో చెప్పమ్మా."

"కాలిపర్ బోల్టులు రెండు నాన్నా. ఈ బండి పేరు, మోడల్ చెప్పి అడగండి. తల మీద దాని బలం చెప్పే అంకె పోసి ఉంటుంది, చూసి తీసుకోండి. అంకె లేకుండా మెరిసేవి ఇస్తే వద్దనండి."

ఆయన మల్లాపూర్ రోడ్డు స్పేర్‌పార్ట్స్ షాపుకు వెళ్లి, ముప్ఫై ఏళ్లు ఫైళ్లు చూసిన కళ్లద్దాలతో ఒక్కో బోల్టు తలా చదివి, రెండు తిప్పికొట్టి, సరైనవి రెండు తెచ్చారు. అప్పటికి చంద్రిక పాతవి విప్పి ఉంచింది. కుడివైపుది కొత్తదాని పక్కన పెడితే కళ్లకే తెలుస్తోంది. పాతది ఒక మర చుట్టంత పొడుగ్గా ఉంది, మెడ దగ్గర సన్నగా నలిగి ఉంది.

ఆమె ఇన్నాళ్లూ తెరవని పెట్టెలోంచి టార్క్ రెంచ్ తీసింది. కుడిచేతికి పానా ఉంది కనుక, కొత్త బోల్టును ఎడమచేతి వేళ్లతో మొదలుపెట్టి, పానాతో ఆనించి, రెంచ్ ఎడమచేత్తో పట్టుకుని లాగింది. టక్. ఆపింది. పానా కదల్లేదు. ఇటు వైపుకు వచ్చి రెండోది పెట్టింది. ఇంకో పట్టు పట్టమని చెయ్యి అడుగుతూనే ఉంది. టక్. ఆపింది.

పానా ఠంగుమని నేల మీద పడింది.

ఆ చప్పుడుకు నరేందర్ లేచి వచ్చాడు. నట్లు పట్టి చూడలేదు. ఆమె విప్పి పెట్టిన పాత బోల్టును చేతిలోకి తీసుకుని, దాని సన్నటి మెడ మీద బొటనవేలితో రాస్తూ నిలబడ్డాడు. తర్వాత ప్యాంటు జేబులోంచి ముడివేసిన రుమాలు తీసి విప్పాడు. అందులో తెగిపోయిన బోల్టు ముక్క ఒకటి ఉంది. దానికీ మెడ అలాగే సన్నగా ఉంది, అక్కడే తెగింది.

"పోయినేడు ఇదే బండికి, ఉప్పల్ రింగ్ రోడ్ మీద," అన్నాడు. "బ్రేకు ఊడి చక్రానికి అడ్డం పడ్డది. లోపట పదిమంది పిల్లలు. మా బిడ్డ సిరి గూడ అండ్లనె ఉండె. డివైడర్‌కు రాసుకొని ఆగింది, ఎవ్వరికి దెబ్బ తాకలె. మెకానిక్‌ను అడిగితె మస్తు గట్టిగ బిగించిన అని ఒట్టు పెట్టిండు. నేను నమ్మలె. లూజ్ ఇడిచిండు అనుకున్న. అప్పటిసంది అందరి నట్లు పట్టుకొని సూస్తున్న, ఎంత గట్టిగుంటె అంత మంచిగ అని." తెగిన ముక్కను పాత బోల్టు పక్కన పెట్టాడు. "వాడు నిజమే జెప్పిండు చెల్లె. ఇయ్యాల నేనే మెచ్చుకొని, నేనే తాళం అడిగిన."

చంద్రిక చక్రం ఎత్తింది. నరేందర్ రెండో వైపు పట్టుకున్నాడు. నట్లు ఎదురెదురుగా బిగించి, పెడల్ గట్టిపడే దాకా తొక్కి, తాళం అతనికిచ్చింది. అతను తాళం తీసుకుని, "రేపు రెండో బండి తోలిస్త. తర్వాత మూడోది, నాలుగోది. గా టక్కుమనేదానితోనె బిగించు. ఎవడన్న నవ్వితె నా కాడికి పంపు" అన్నాడు. రామచంద్రరావు గారు మొహం అటు తిప్పుకుని, అప్పుడు చూసుకున్నారు తన చొక్కా మీది గ్రీజు. తుడవబోయి వదిలేశారు.

ఆమె రాజయ్యకు ఫోన్ చేసి జరిగింది చెప్పింది. "మీరు ఇచ్చింది షెడ్డు అనుకున్నాను బాబాయ్. ఇవాళ మీరు నన్ను కాపాడారు" అంది. "పిల్లలు భద్రం గదా బిడ్డా? ఇగ సాలు" అన్నాడాయన.

"నువ్వు గూడ రా చెల్లె, బ్రేకు ఎట్లున్నదో కూసొని సూడు" అని నరేందర్ పిలిస్తే ముందు సీటులో ఎక్కింది. మొగిలయ్య తన పిల్లలను దింపి తిరిగొచ్చేలోపు వీళ్లే బడికి చేరారు. గేటు లోపల మెట్ల మీద పిల్లలు బ్యాగులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. మూడో క్లాసు సిరి నాన్న బండిని చూసింది. వాచ్‌మన్ గేటు తీసీ తీయగానే లేచి పరుగెత్తుకొచ్చింది. పిల్లలు ఎప్పుడూ బండికి అడ్డంగానే పరుగెడతారు.

నరేందర్ బ్రేకు తొక్కాడు. బండి ఆగింది.

సిరి బానెట్ మీద చెయ్యి వేసి నిలబడి, ఇంత లేటుగా వస్తే ఎట్లా అని తండ్రిని గట్టిగా కోప్పడింది.